ఫిసల్‌బండ ఇంటి ఆవరణలో టెలిస్కోపు: నవాబ్ జఫర్ జంగ్ ఆకాశాన్ని ఎవరికి రాసిచ్చారు?

పాడేరు: చలికాలం వచ్చిందంటే వంజంగి కొండ దారి రాత్రి మూడు గంటల నుంచే మేలుకుంటుంది. మేఘాల సముద్రాన్ని చూడాలని వచ్చేవాళ్లే ఎక్కువ. కానీ సూర్యుడు రాకముందే కెమెరా స్టాండు నిలబెట్టి, చుక్కల వైపు గురిపెట్టి కూర్చునే కుర్రాళ్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, చుట్టూ కొండలు, లైట్లు తక్కువ. విశాఖ బీచ్‌లో ఎంత వెతికినా దొరకని పాలపుంత మబ్బు లేని రాత్రి ఇక్కడ మామూలు కంటికే కనిపిస్తుంది. ఫోన్‌ను కదలకుండా పెట్టి పది, పదిహేను సెకన్లు తెరిచి ఉంచితే కంటికి కనిపించనివి కూడా తెర మీదికి వచ్చేస్తాయి.

మన ఇళ్లలో ఆకాశం వైపు చూడటం చాంద్‌తో మొదలవుతుంది. రంజాన్ ముందు రోజు, ఈద్ ముందు రోజు మిద్దెల మీద పిల్లల సందడి అందరికీ తెలిసిందే. పాడేరులాంటి కొండల ఊళ్లో అయితే ఆ సన్నటి చాంద్ పడమటి కొండ చాటుకు పోతుంది, చివరికి ఫోన్ల మీదే ఆధారపడాలి. ఏడాదికి ఒకటి రెండు సాయంత్రాలు అలా చూసి దిగిపోతాం. దిగిపోకుండా అక్కడే నిలబడిపోయిన ఒక నవాబ్ సాహెబ్ హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయన పేరు నవాబ్ జఫర్ జంగ్ బహాదుర్. తన ఇంటి ఆవరణలో, తన సొంత డబ్బుతో ఒక అబ్జర్వేటరీ పెట్టారు. అదే తర్వాత ప్రపంచ పటానికి లక్షల నక్షత్రాల లెక్క అందించిన నిజామియా అబ్జర్వేటరీ. ఉర్దూలో నిజామియా రసద్‌గాహ్.

జఫర్ జంగ్ పైగా ఖాందాన్‌కు చెందినవారు. హైదరాబాద్ సంస్థానంలో నిజాం తర్వాత అంతటి హోదా, అంతటి జాగీర్లు ఉన్న కుటుంబం అది. నిజాం కోసం సైన్యాన్ని పోషించడం వాళ్ల బాధ్యత, దానికి బదులుగా ఊళ్లకు ఊళ్లే వాళ్ల కింద ఉండేవి. జఫర్ జంగ్ తండ్రి సర్ ఖుర్షీద్ జా. హుస్సేనీ ఆలంలో ఇప్పటికీ నిలబడి ఉన్న ఖుర్షీద్ జా దేవిడీ ఆ పేరు మీదిదే. చిన్నాన్న వికారుల్ ఉమరా ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించినవారు. ఫలక్ అంటే ఆకాశం. చిన్నాన్న ఆకాశం పేరుతో మహల్ కట్టిస్తే, అన్న కొడుకు ఆ ఆకాశాన్నే చూడటానికి సామాను తెప్పించారు. జఫర్ జంగ్ నిజాం ప్రభుత్వంలో సైనిక వ్యవహారాల మంత్రిగా కూడా పనిచేశారు.

ఇంత హోదా ఉన్న మనిషికి చుక్కల పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందంటే, రెండు మూడు తరాలు వెనక్కి వెళ్లాలి. ముత్తాత నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్ షమ్సుల్ ఉమరా సైన్సు పుస్తకాలంటే ప్రాణమిచ్చేవారు. హైదరాబాద్‌లో సొంతంగా శిలాముద్రణ ప్రెస్ పెట్టించి, యూరప్ సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించారు. వాటిలో సిత్తయె షమ్సియా పేరుతో వచ్చిన ఆరు పుస్తకాలు ప్రసిద్ధం. యంత్రాలు, నీరు, గాలి, వెలుతురు, విద్యుత్తు, వీటితో పాటు ఇల్మె హయ్యత్, అంటే ఖగోళ శాస్త్రం మీద ఒక పుస్తకం. ఇదంతా 1857 తిరుగుబాటుకు కూడా ముందు మాట. ఉర్దూలో సైన్సు చదవడం కుదరదని ఇప్పటికీ అనేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఈ సంగతి ఒకసారి చూసుకోవాలి.

ఆ ఇంటి బిడ్డ జఫర్ జంగ్ 1901లో ఒక పెద్ద పని చేశారు. గ్రబ్ కంపెనీ తయారు చేసిన 15 అంగుళాల టెలిస్కోపును కొన్నారు. 15 అంగుళాలు అంటే గొట్టం పొడవు కాదు, ముందు ఉండే అద్దం వెడల్పు, దాదాపు 38 సెంటీమీటర్లు. అంత వెడల్పు గాజును నెలల తరబడి అరగదీసి లెన్స్‌గా మార్చగలిగిన కంపెనీలు ఆ రోజుల్లో ప్రపంచంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌కు చెందిన గ్రబ్ వాటిలో ఒకటి. దానితో పాటు సమకూర్చిన రెండో పరికరం ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో కుక్ కంపెనీ చేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్. చూడటానికి ఇది గ్రబ్ కంటే చిన్నది. కానీ దీని పని వేరు. కన్ను పెట్టి చూసే టెలిస్కోపు కాదు ఇది, ఆకాశాన్ని ఫోటో తీయడానికే చేసిన టెలిస్కోపు. ఈ కథలో అసలు పని చేసింది ఈ చిన్నదే.

ఈ సామాను కోసం ఆయన ఎంచుకున్న చోటు హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన ఉన్న ఫిసల్‌బండ, అక్కడి తన ఎస్టేట్. ఫిసల్ ఉర్దూ, బండ తెలుగు. జారుడు బండ అన్నమాట. రెండు భాషలూ కలిసి కాపురం చేసిన ఊరి పేరు. సున్నపు పనితనానికి పేరుపడ్డ పైగా సమాధులు ఉన్నది కూడా ఆ పక్కనే. అంటే తాతముత్తాతలు నిద్రిస్తున్న చోటికి దగ్గర్లోనే మనవడు రాత్రుళ్లు మేల్కొని ఉండే ఏర్పాటు చేసుకున్నాడు. అప్పట్లో అది ఊరికి దూరం, చీకటి ప్రాంతం. ఇప్పుడక్కడ ఫ్లైఓవర్లు, వీధి దీపాలు, ఫంక్షన్ హాళ్లు.

ఇంతవరకు చెప్పింది ఒక శ్రీమంతుడి ముచ్చట. డబ్బున్న నవాబులు గుర్రాలు కొన్నారు, కార్లు కొన్నారు, ఈయన టెలిస్కోపు కొన్నారు. తేడా ఆయన అడిగిన అనుమతిలో ఉంది. అబ్జర్వేటరీకి తన పేరు పెట్టుకోలేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ హుజూర్‌లో అర్జీ పెట్టుకుని, నిజాం పేరు మీద నిజామియా అని పిలవడానికి అనుమతి కోరారు. తన తర్వాత అది నిజాం ప్రభుత్వం చేతికి వెళ్లాలన్నది కూడా ఆ ఏర్పాటులోనే ఉంది.

రెండో మాట దగ్గర కొంచెం ఆగాలి. షరియత్ ప్రకారం మనిషి ఇంతెఖాల్ తర్వాత ఆస్తి వారసుల వాటాలుగా పంచాలి. పొలాన్ని పంచొచ్చు, ఇంటిని పంచొచ్చు, నగలను తూకం వేసి పంచొచ్చు. 15 అంగుళాల లెన్స్‌ను పంచలేం. అమ్మి డబ్బు పంచుకోవాలి, అప్పుడు అది పాత ఇనుము ధరకు పోతుంది. పోనీ ఒక్కరే తీసుకున్నా దాని మీద రూపాయి ఆదాయం రాదు, పైగా కాపలా, నూనె, గడియారం మరమ్మతు, మనుషుల జీతాలు. లెక్కల పుస్తకంలో చూస్తే ఇది ఆస్తి వైపు కనిపించే అప్పు. పైగా ఎస్టేట్ల వాటాల మీద తర్వాత దశాబ్దాల తరబడి తగవులు, కమిషన్లు నడిచిన సంగతి హైదరాబాద్ వాళ్లకు తెలుసు. ఆ తగవుల మధ్య టెలిస్కోపు పడి ఉంటే దాని గతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఇది వక్ఫ్ కాదు, సర్కారుకు అప్పగింత. కానీ ఉద్దేశం మాత్రం దానికి దగ్గరదే: తాను లేకపోయినా పని సాగాలి.

అలా రాసిపెట్టుకోని వాళ్ల కథలు చరిత్రలో చాలా ఉన్నాయి. సమర్కంద్‌లో ఉలుగ్ బేగ్ సుల్తాన్ కట్టించిన రసద్‌గాహ్ 15వ శతాబ్దంలో ప్రపంచంలోనే గొప్పది. 1437 నాటి ఆయన పట్టికలో వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలు ఉన్నాయి. 1449లో సొంత కొడుకు మనుషులే ఆయన్ని చంపేశారు. ఆ తర్వాత అబ్జర్వేటరీ కూడా నేలమట్టమైంది. మన దేశంలోనే పుణెలో మహారాజా తఖ్త్‌సింగ్‌జీ పేరు మీద నడిచిన అబ్జర్వేటరీ ఉండేది. గ్రబ్ చేసిన 20 అంగుళాల టెలిస్కోపు దానిది, జఫర్ జంగ్ దానికంటే పెద్దది. దాన్ని నడిపిన ప్రొఫెసర్ నాయెగమ్‌వాలా 1912లో రిటైర్ కాగానే అది మూతపడింది, సామాను కొడైకెనాల్‌కు తరలిపోయింది.

పాడేరుకు ఇంకా దగ్గర ఉదాహరణ విశాఖలోనే ఉంది. డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో ఇంటి దగ్గరే అబ్జర్వేటరీ పెట్టారు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నిలబెట్టారు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నడిచి వెళ్లడాన్ని విశాఖ నుంచే చూసి లెక్క కట్టారు, లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఫెలో అయ్యారు. మామ, అల్లుడు ఇద్దరూ అసలు సిసలు పనివాళ్లు, ఆ విషయంలో జఫర్ జంగ్ కంటే ఒక మెట్టు పైనే. 1892లో నర్సింగరావు చనిపోయారు. ఆ అబ్జర్వేటరీ ఎక్కువ కాలం నిలవలేదు. డాబాగార్డెన్స్‌లో ఇప్పుడు బట్టల షాపులకు, మీటింగులకు వెళ్లేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

జఫర్ జంగ్ 1907లో ఇంతెఖాల్ అయ్యారు. టెలిస్కోపు కొన్న ఆరేళ్లకే. తెప్పించిన సామాను పూర్తి స్థాయిలో పనిచేయడం ఆయన కళ్లతో చూడలేదు. ఇక్కడే ఆ పాత అర్జీ పనికొచ్చింది. 1908లో నిజాం ప్రభుత్వం అబ్జర్వేటరీని తన చేతిలోకి తీసుకుని ఆర్థిక శాఖ కింద పెట్టింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆర్థర్ బ్రూనెల్ చాట్‌వుడ్ మొదటి డైరెక్టర్. ఫిసల్‌బండ నుంచి అబ్జర్వేటరీని బేగంపేటకు మార్చారు. అప్పటి బేగంపేటలో ఎయిర్‌పోర్టు లేదు, ట్రాఫిక్ లేదు, ఉన్నది చీకటి.

ముందుగా నిలబడింది పెద్ద గ్రబ్ కాదు, కుక్ ఆస్ట్రోగ్రాఫ్. దానికి కారణం పారిస్‌లో ఉంది. 1887లో పారిస్ అబ్జర్వేటరీ డైరెక్టర్ మూషే చొరవతో దేశదేశాల ఖగోళ శాస్త్రవేత్తలు ఒకచోట చేరి ఒక నిర్ణయం తీసుకున్నారు. మొత్తం ఆకాశాన్ని ఫోటోలు తీయాలి, ఆ ఫోటోల నుంచి ప్రతి నక్షత్రం స్థానాన్ని కొలిచి పట్టిక వేయాలి. ఫ్రెంచిలో దానికి కార్ట్ దు సియెల్, అంటే ఆకాశ పటం అని పేరు. ఒక్క దేశం వల్ల అయ్యే పని కాదు కాబట్టి ఆకాశాన్ని అడ్డ పట్టీలుగా కోసి సుమారు 20 అబ్జర్వేటరీలకు పంచారు. కొందరు ఒప్పుకుని చేయలేకపోయారు. చిలీలోని సాంటియాగోకు ఇచ్చిన పట్టీ అలాగే మిగిలిపోయింది. దాన్ని హైదరాబాద్ తీసుకుంది. భారతదేశం నుంచి ఆ పనిలో చేరిన అబ్జర్వేటరీ ఇదొక్కటే.

ఆ పట్టీ దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల మధ్యది. డిగ్రీల భాషలో చెబితే ఏమీ అర్థం కాదు. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక పాడేరులో దక్షిణం వైపు తిరిగి నిలబడితే, కొండల మీదుగా కొంచెం పైకి తేలు ఆకారంలో నక్షత్రాలు కనిపిస్తాయి. తేలు తలలో ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు ఉండే చుక్కల్ని మన పంచాంగంలో అనూరాధ నక్షత్రం అంటారు. వాటిలో పైన ఉన్న రెండూ హైదరాబాద్ పట్టీలోనివే. వాటి ఇంగ్లీషు పేర్లు చూస్తే అక్రాబ్, జుబ్బా. అరబ్బీలో అఖ్రబ్ అంటే తేలు, జబ్హా అంటే నుదురు. ఇది ఒక్క చోట కాదు. మన రోహిణి వాళ్లకు అల్దెబరాన్, మన శ్రవణం వాళ్లకు ఆల్టేర్, మన అభిజిత్తు వాళ్లకు వేగా. అన్నీ అరబ్బీ పేర్లే, లాటిన్ గొంతుల్లో అరిగిపోయి ఇలా మిగిలాయి. ఆండ్రోమెడా గెలాక్సీని చిన్న మబ్బు మరకగా మొట్టమొదట పుస్తకంలో రాసి పెట్టింది కూడా 964లో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీయే. ఇప్పుడు కెమెరా కొన్న ప్రతి కుర్రాడూ ముందుగా తీయాలనుకునే గెలాక్సీ అదే.

తెలుగు నేల మీద ఆకాశానికి కెమెరా పెట్టడం కొత్త కాదు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి గుంటూరులో టెనెంట్ అనే ఇంగ్లీషు అధికారి బృందం గ్రహణం పట్టిన సూర్యుణ్ణి ఫోటోలు తీసింది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ కూడా ఆ రోజు గుంటూరులోనే ఉన్నారు. కానీ గ్రహణం విడిచాక డేరాలు ఎత్తేసి వెళ్లిపోయారు. బేగంపేటలో మొదలైంది అలాంటిది కాదు. రాత్రి తర్వాత రాత్రి, ఏళ్ల తరబడి అదే పని.

ఆ పని ఎలా ఉండేదో ఇప్పటి వాళ్లకు తెలియాలి. ఫిల్మ్ కాదు, మందు పూసిన గాజు పలక. ఒక్కో పలక మీద ఆకాశంలో రెండు డిగ్రీల చదరం పడుతుంది, అంటే నాలుగు నిండు చందమామలను పక్కపక్కనే పేరిస్తే ఎంత వెడల్పో అంత. పలక మీద ముందే సన్నటి గీతల గడులు ముద్రిస్తారు, తర్వాత కొలవడానికి. టెలిస్కోపుకు పలక బిగించి కొన్ని నిమిషాలు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు పడమటికి జారిపోతాయి. బరువుతో నడిచే గడియారం టెలిస్కోపును నెమ్మదిగా తిప్పుతుంది, కానీ దాన్ని నమ్మడానికి లేదు. ఒక మనిషి పక్కనున్న ఇంకో చిన్న టెలిస్కోపులో కన్ను పెట్టి, ఒకే నక్షత్రాన్ని దారాల కూడలి మీద నిలిపి, అది కాస్త జరిగితే చేత్తో సరిచేస్తూ ఉండాలి. కన్ను ఆర్పితే చుక్క గీత అయిపోతుంది, పలక వృథా. ఆకాశ పటం కోసం తీసిన కొన్ని పలకల మీద ఒకే చోటిని మూడుసార్లు, కొంచెం కొంచెం జరిపి తీసేవారు. అసలు నక్షత్రమైతే చిన్న త్రికోణంగా మూడు చుక్కలు పడాలి. ఒక్కటే చుక్క ఉంటే అది ధూళి కణం. చాలా తెలివైన ఉపాయం, ఖర్చు లేనిది.

ఫోటో అయ్యాక అసలు చాకిరీ. పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో చుక్క ఏ గడిలో, గీతకు ఎంత దూరంలో ఉందో అటూ ఇటూ కొలవాలి. ఆ అంకెల్ని ఆకాశ నిర్దేశాంకాల్లోకి మార్చాలి. కంప్యూటర్ లేదు. ఒక పలక మీద వందల చుక్కలు.

ఆస్ట్రోగ్రాఫ్ పని పద్ధతిగా నడిచింది 1914లో వచ్చిన రెండో డైరెక్టర్ పొకాక్ హయాం నుంచి. ఆయన 1918లోనే చనిపోయారు. ఆ తర్వాత టి.పి. భాస్కర శాస్త్రి బాధ్యత తీసుకుని 1944 వరకు, పాతికేళ్లకు పైగా నడిపారు. తమ పట్టీ ముగిసినా ఆగలేదు. జర్మనీలోని పోట్స్‌డామ్ వాళ్లు పూర్తి చేయలేకపోయిన ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా తీసుకున్నారు. చివరికి హైదరాబాద్ పేరు మీద 12 సంపుటాలు వచ్చాయి. వాటిలో నక్షత్రాలు 7,63,542. ఈ అంకెను ఒకటికి రెండుసార్లు చదవాలి. ఒక నవాబ్ గారి ఇంటి సామానుతో మొదలైన లెక్క ఇది.

మరి ఆయన మొదట మోజుపడి కొన్న 15 అంగుళాల గ్రబ్? అది బేగంపేటలో నిలబడింది 1922లో. కొన్న 21 ఏళ్లకు, కొన్న మనిషి పోయిన 15 ఏళ్లకు. జంట నక్షత్రాలను, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను, చంద్రుడి చాటుకు వెళ్లే చుక్కలను దాంతో చూశారు. ఇంత ఆలస్యం సర్కారు పని తీరుకు కొత్త కాదు, అప్పుడైనా ఇప్పుడైనా. అప్పగించిన వస్తువు ఇరవై ఏళ్లు ఆగినా పోకుండా ఉండటం మాత్రం గొప్పే.

1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో పైచదువులు చెప్పడానికి పుట్టిన యూనివర్సిటీ అది. ముత్తాత ఉర్దూలోకి తెప్పించిన ఇల్మె హయ్యత్, ముని మనవడి టెలిస్కోపు, రెండూ చివరికి ఒకే చూరు కిందికి చేరాయి. 1944లో అక్బర్ అలీ డైరెక్టర్ అయ్యారు. నగరం వెలుగు బేగంపేటను మింగేస్తుందని గ్రహించి, ఊరికి దూరంగా 48 అంగుళాల కొత్త టెలిస్కోపు కోసం పట్టుబట్టింది ఆయనే. 1960లో ఆయన కూడా వెళ్లిపోయారు, తర్వాత అభ్యంకర్ ఆ పని ముగించారు. రంగాపూర్ దగ్గర ఆ టెలిస్కోపు 1968లో పని మొదలుపెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి అక్కడే దేశదేశాల వాళ్లు చేరారు. మళ్లీ అదే సూత్రం: తాను చూడని టెలిస్కోపు కోసం ఒకరు పాటుపడటం, ఇంకొకరు దాన్ని నిలబెట్టడం.

ఇంకో మనిషిని చెప్పకపోతే అన్యాయం. నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగుల్లో బప్పు అనే ఒకరు ఉండేవారు. ఆయన కొడుకు ఆ టెలిస్కోపుల చుట్టూ తిరుగుతూ హైదరాబాద్‌లో పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు, నిజాం ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికాలో హార్వర్డ్‌కు వెళ్లాడు. 1949లో అక్కడ తీసిన ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టాడు. అతనే వైను బప్పు. తర్వాత స్వతంత్ర భారతదేశంలో ఖగోళ శాస్త్రానికి ఆయనే పెద్ద దిక్కు. కావలూరులోని పెద్ద టెలిస్కోపు ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది. ఫిసల్‌బండ నవాబ్ సాహెబ్ ఎన్నడూ చూడని పిల్లవాడు.

హైదరాబాద్ పలకల లెక్క అల్మారాల్లో దుమ్ము పట్టి పోలేదు. నక్షత్రాలు కదలవని మనం అనుకుంటాం కానీ అవి కదులుతాయి, మన జీవితకాలంలో కంటికి తెలియనంత నెమ్మదిగా. ఎంత కదిలిందో తెలియాలంటే వందేళ్ల కిందటి స్థానం కావాలి. ఐరోపా వాళ్లు 1989లో హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపి కొత్త స్థానాలు కొలిచారు. పాత స్థానాలు? అవి కార్ట్ దు సియెల్ పట్టికల్లో ఉన్నాయి. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ ఆ పట్టికలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది, 46 లక్షల నక్షత్రాలు. పాతవీ కొత్తవీ పోల్చి 2000లో టైకో 2 అనే పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు ఇచ్చారు. అందులో బేగంపేట రాత్రుళ్లు కూడా ఉన్నాయి.

ఈ రోజు ఇంటి మిద్దె మీద నుంచి సూర్యుణ్ణి, శనిగ్రహం వలయాన్ని, గెలాక్సీలను తీసే కుర్రాళ్లు చేస్తున్నది కూడా ఆ పాత పనే. గడియారం బదులు మోటారు, గాజు పలక బదులు సెన్సార్. ఒక్క పొడవాటి ఫోటో బదులు చిన్నచిన్నవి వందలు తీసి కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. మూడు చుక్కల త్రికోణంతో ధూళిని పట్టుకున్నట్టే, ఇక్కడ కూడా అన్ని ఫోటోల్లో నిలిచేది నక్షత్రం, ఒక్కదాంట్లో కనిపించి పోయేది విమానమో సెన్సార్ మచ్చో. సూర్యుణ్ణి తీయాలంటే మాత్రం టెలిస్కోపు ముందు సరైన సోలార్ ఫిల్టర్ ఉండాల్సిందే. అది లేకుండా కన్ను పెడితే చూపు క్షణంలో పోతుంది. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు పనికిరావు. పిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి.

కెమెరా, లెన్స్, చిన్న టెలిస్కోపు కలిపితే మధ్యతరగతి ఇంటికి అది చిన్న ఖర్చు కాదు. ఈ ఖర్చు ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అడగడం కూడా న్యాయమే. జఫర్ జంగ్‌ను అలా అడిగి ఉంటే ఆయన దగ్గర చూపించడానికి ఫలితం ఏమీ లేదు, ఆరేళ్లలో వెళ్లిపోయారు. ఉన్నదల్లా సర్కారుకు పెట్టిన ఆ అర్జీ.

బేగంపేటలో ఆ ఆవరణకు నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే పేరు ఇప్పటికీ ఉంది. ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఒకటి అక్కడి నుంచి పనిచేస్తోంది. పాత గుమ్మటాల కట్టడం పాడవుతోందని, బాగు చేయాలని హైదరాబాద్ పత్రికల్లో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. అమీర్‌పేట, పంజగుట్ట వైపు పనుల మీద వెళ్లే మనవాళ్లు ఆ గేటు ముందు నుంచే రోజూ వెళ్తుంటారు.